ఆదివారం నాడు ఆటా? పాటా?

మన తెలుగు తెర మీద ఆటగాడికి లోటు లేదు. "ఒక్కడు" (2003)లో కబడ్డీ ఆటగాడు పోటీ కోసం కర్నూలు వెళ్లి, కప్పుకు బదులు కథానాయికను వెంటబెట్టుకొచ్చాడు. "సై" (2004)లో కుర్రకారు రగ్బీ ఆడి కాలేజీ స్థలం కాపాడుకున్నారు. "జెర్సీ" (2019)లో ముప్ఫై ఆరేళ్ల సంసారి మళ్లీ బ్యాటు పట్టి మనందరి చేతా కన్నీళ్లు పెట్టించాడు. "అశ్విని" (1991)లో అయితే పరుగుల రాణి అశ్వినీ నాచప్ప గారు తన కథలో తానే నటించారు. పాటగాడికీ లోటు లేదు. "శంకరాభరణం" (1980) వచ్చాక ఊరూరా పిల్లలను సంగీతం మేష్టారి దగ్గరికి పంపిన తల్లిదండ్రులు ఎందరో!

అయితే పాఠక మిత్రులారా, ఒక్క చిక్కు ప్రశ్న. ఒకే కుర్రాడికి ఆటా వచ్చు, పాటా వచ్చు. రెండూ బాగా వచ్చు. పాట అంటే సినిమా పాట కాదు, పోటీల పాట కాదు, దేవుడి సన్నిధిలో పాడే పాట. అదే తన పని అని లోపల ఎవరో పిలుస్తున్నారు. రెండింట్లో ఒకటే ఉంచుకోవాలి. అప్పుడేం చేస్తాడు? ఈ కథ మనవాళ్లెవరూ తీసినట్టు నాకు గుర్తు లేదు. ఫైటుకు చోటు లేదనుకున్నారో, డ్యూయెట్టుకు చోటు లేదనుకున్నారో!

దీనికి దగ్గరి కథను ఇంగ్లీషువాళ్లు తీశారు. 1981లో వచ్చిన "చారియట్స్ ఆఫ్ ఫైర్". సముద్రపు ఒడ్డున తెల్ల బట్టల్లో కుర్రాళ్లు పరిగెడుతూ ఉంటారు, వెనకాల వాంజెలిస్ సంగీతం వస్తూ ఉంటుంది... చిత్రం చూడనివాళ్లకూ ఆ బాణీ తెలుసు. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు కొట్టింది. అన్నట్టు, పరుగుపందేల చిత్రానికి ఆ పేరు ఎక్కడిది అనుకున్నారు? విలియం బ్లేక్ పద్యం ఒకటి, తరవాత బాణీ కట్టగా ఇంగ్లాండులో చర్చి పాటగా స్థిరపడింది. అందులోంచి తీసుకున్నదే ఈ పేరు. అంటే ఆట కథకు పాట పేరు!

అందులో ఒక కథానాయకుడు ఎరిక్ లిడెల్. కల్పన కాదు, నిజమైన మనిషే. 1902లో చైనాలో, మిషనరీ తల్లిదండ్రులకు పుట్టాడు. స్కాట్లాండు తరఫున రగ్బీ కూడా ఆడాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయి. ఆదివారం ప్రభువు దినం, నేను పరిగెత్తను అన్నాడు. ఆ ఆదివారం పారిస్‌లోని స్కాచి చర్చిలో ప్రసంగం చేశాడు. జూలై 11న 400 మీటర్లు 47.6 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం పట్టుకుపోయాడు. మరుసటి ఏడు చైనాకు మిషనరీగా వెళ్లిపోయాడు. 1945లో, జపానువాళ్ల నిర్బంధ శిబిరంలో, మెదడులో కణితితో చనిపోయాడు. అప్పటికి నలభై మూడేళ్లు.

సినిమావాళ్లు కొంత మసాలా కలిపారు లెండి. చిత్రంలో అతనికి ఆదివారం సంగతి ఓడ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. నిజానికి నెలల ముందే తెలుసు. ఆ నెలలన్నీ కూర్చుని బాధపడలేదు, 400 మీటర్లకు సాధన చేశాడు. నాకు చిత్రంలోని నాటకం కన్నా ఈ నిజమే ఎక్కువ నచ్చింది. ఇంకోటి, సినిమాలో లేనిది. ఆ శిబిరంలో పిల్లలు ఆదివారం హాకీ ఆడుకుంటూ కొట్టుకుంటుంటే, పారిస్‌లో ఆదివారం పరిగెత్తనన్న ఆ మనిషే ఆదివారం నాడు రెఫరీగా నిలబడ్డాడు. దీని మీద నేను చాలా ఆలోచించాను.

ఎందుకంటారా? మాది బొగ్గు గనుల ప్రాంతం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా బెల్లంపల్లి. 2016లో జిల్లాలు విడగొట్టాక మంచిర్యాల జిల్లా అయింది. సింగరేణిలో ఆదివారాన్ని ఏమంటారో తెలుసా? "ప్లే డే"! అవును, ఆట రోజు. ఈ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, మా దగ్గర ఆ రోజుకు మూడు రకాల మనుషులుంటారు. ప్లే డే మస్టర్ దొరికితే డబుల్ జీతమని బాయికి పోయేవాళ్లు కొందరు. పొద్దున్నే గ్రౌండుకు పోయేవాళ్లు కొందరు. తెల్లబట్టలు కట్టుకుని బైబిలు చంకన పెట్టుకుని చర్చికి పోయేవాళ్లు కొందరు. జీతగాళ్లకు సెలవు దొరికేది ఆ రోజే కాబట్టి టోర్నమెంటు ఫైనల్సూ ఆ రోజే, ఆరాధనా ఆ రోజే. పారిస్ దాకా ఎందుకు? లిడెల్ చిక్కు మా క్వార్టర్లలో వారం వారం వచ్చేది.

మా లైనులోనే నాకన్నా రెండేళ్లు చిన్నవాడు ఒకడు ఉండేవాడు. పేరు వద్దన్నాడు, నేనూ రాయను. తమ్ముడు అనే పిలిచేవాణ్ని, అలాగే రాస్తాను. తండ్రి బొగ్గుబాయిలో కార్మికుడు. తమ్ముడు కబడ్డీలో రైడర్. అంటే మా భాషలో కూతకు పోయేవాడు. పొట్టిగా, బిరుసుగా ఉండేవాడు. అవతలి కోర్టులో గీత దాటి కాలు పెట్టాడంటే ఎవడో ఒకడు అవుటయ్యి బయట కూర్చోవాల్సిందే. స్కూల్లో ఎస్‌జీఎఫ్ మీట్ల నుంచే పేరు. మంచిర్యాలలో డిగ్రీకి వచ్చేసరికి కరీంనగర్, గోదావరిఖని, కాగజ్‌నగర్ నుంచి కూడా టోర్నమెంటుకు పిలుపులు వచ్చేవి. దారి ఖర్చులు ఇచ్చి, కోడికూరతో అన్నం పెట్టి ఆడించుకునేవారు.

అదే కుర్రాడు ఆదివారం చర్చిలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. మా వైపు చర్చిల సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సువార్త తెచ్చినవాళ్లలో వెస్లీ మిషన్ వాళ్లు ముఖ్యులు. వాళ్లకు పాట అంటే ప్రాణం. వ్యవస్థాపకుల్లో ఒకడైన చార్లెస్ వెస్లీ వేల కీర్తనలు రాసినవాడు. మన తెలుగు చర్చిలో "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన నెత్తి మీదా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణం, ముఖారి... ఏదో కచ్చేరీ పుస్తకం తెరిచామా అనిపిస్తుంది! వాటిలో చాలా రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పర్లాకిమిడి వైపు ఒరియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. చదువు రాని ముసలమ్మలు ఆ కీర్తనలను పుస్తకం లేకుండా, గతి తప్పకుండా పాడతారు. తమ్ముడు తాళం నేర్చింది వాళ్ల పక్కన కూర్చునే.

దానికి తోడు మన సినిమా. "కరుణామయుడు" (1978) వచ్చాక ఆ చిత్రాన్ని ప్రొజెక్టరు మీద ఊరూరా, వాడవాడనా వేశారు. క్రీస్తుగా విజయచందర్ గారిని చూసి చేతులు జోడించినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. తమ్ముడు చిన్నప్పుడు చర్చి ఆవరణలో తెల్లదుప్పటి మీద ఆ చిత్రం చూసి, పాటలన్నీ రెండు రోజుల్లో బాణీలతో సహా పట్టేశాడట. తెర మీద శిలువ ఘట్టం వస్తే అందరూ ఏడుస్తున్నారు, నాకు మాత్రం వెనకాల వాయిద్యం ఏమిటా అని ధ్యాస అని చెప్పి నవ్వేవాడు.

ఇప్పుడు అసలు చిక్కు. కూతా, పాటా రెండూ ఊపిరితో పనే. అందుకే రెండూ ఒకరికే వచ్చాయేమో. కానీ రెండూ కలిసి ఉండవు! శనివారం నాలుగు మ్యాచిలు ఆడి, అంపైరుకు వినబడేలా "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టి, దుమ్ము మింగి వస్తే, ఆదివారం పొద్దున గొంతు బొంగురు. పై స్థాయి అందదు. వెనక బెంచీ అమ్మలు మొహాలు చూసుకునేవారు. పాట కోసం గొంతు దాచుకుంటే శనివారం కూతలో దమ్ము సగం. ఫైనల్స్ ఆదివారం పడితే నిర్వాహకులను బతిమాలి తమ జట్టు ఆటను పదకొండున్నర తర్వాత వేయించేవారు. "మా రైడర్ ప్రార్థనల ఉన్నడు, జర ఆగుండ్రి" అని మైకులో చెప్పడం నేను నా చెవులతో విన్నాను. అవతలి జట్టువాళ్లు "మీ రైడర్‌ను జల్ది ఆమెన్ అనుమనుండ్రి" అని అరిచారు. అందరం పగలబడి నవ్వాం.

ఆ నవ్వులు 2007 దాకా సాగాయి. ఆ ఏడు తమ్ముడు కాకతీయ యూనివర్సిటీ కబడ్డీ శిక్షణ శిబిరానికి ఎంపికయ్యాడు. ఆ రోజుల్లో మా రెండు జిల్లాల కాలేజీలూ వరంగల్‌లోని ఆ యూనివర్సిటీ కిందే ఉండేవి. యూనివర్సిటీ జట్టులో ఆడితే సర్టిఫికెట్టు వస్తుంది. సర్టిఫికెట్టు ఉంటే స్పోర్ట్స్ కోటా. ప్రభుత్వ ఉద్యోగాలు, ఆపైన రైల్వేలు, పోలీసు. పట్నం పిల్లలకు ఆట అంటే సరదా కావచ్చు, కీర్తి కావచ్చు. మా బొగ్గుబాయి పిల్లలకు ఆట అంటే ఉద్యోగం. తండ్రి కొలువు కొడుక్కి నేరుగా వచ్చే రోజులు అప్పటికే పోయాయి. ఆ సర్టిఫికెట్టు మీద ఆ ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు.

శిబిరం మూడు వారాలు. మొదటి ఆదివారం చర్చికి పోనిస్తారా అని భయపడుతూ కోచ్‌ను అడిగాడు. ఆయన ఏ మతం వాడో నాకు తెలియదు గాని మంచి మనిషి. "పొద్దున్నే పోయి రా, పదింటికల్లా గ్రౌండులో ఉండు" అన్నాడు. అంతే! లిడెల్ లాగా పట్టుబట్టే అవసరమే లేకుండా పోయింది. అడ్డం పోయింది కదా, ఇక ఆడుకోవచ్చు కదా!

మంగళవారం సాయంత్రానికి పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు.

అందరూ కోచ్ పంపలేదేమో అనుకున్నారు. చర్చి పెద్దలు కూడా సాక్ష్యం చెప్పమన్నారు, ఆదివారం కోసం ఆట విడిచాడని. వాడు ఆ సాక్ష్యం చెప్పలేదు. నాతో మాత్రం అన్నాడు: "ఆదివారం అడ్డమనుకున్న అన్నా ఇన్ని రోజులు. అడ్డం తీసినంక తెల్సింది, నాకు ఆడ ఉండబుద్ధి అయితలేదని." చదివేవాళ్లకు చిన్న మాటలా ఉండొచ్చు. కానీ లిడెల్‌కూ మా తమ్ముడికీ తేడా ఇక్కడే ఉంది. లిడెల్‌ది నియమం. నియమానికి దారులు ఉంటాయి, నూరు కాకపోతే నాలుగు వందలు. మా వాడిది నియమం కాదు, ఇష్టం. దానికి పక్కదారి లేదు.

ఇంట్లో గొడవ చిన్నగా జరగలేదు. తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. తండ్రి మాత్రం అరవలేదు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని చెప్పిన మాట ఇది: "బిడ్డా, పాట పాడొద్దంటలేను. కొలువు అచ్చినంక పాడు. దేవుడు ఏడికి పోతడు? ఆడనే ఉంటడు. నీ వయసే ఉండది."

తమ్ముడి జవాబు: "కొలువు అచ్చినంక పాడితే, కొలువు ఇచ్చినందుకు పాడినట్టయితది బాపూ."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నా మట్టుకు నాకు ఆ రోజు తండ్రి మాటే సబబుగా తోచింది. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. ఆటకు వయసుంది, పాటకు లేదు. పాతికేళ్లు దాటాక కూత నేర్చినవాడు ఉండడు. అరవై ఏళ్లకు కీర్తన నేర్చినవాళ్లున్నారు. లెక్క వేస్తే ముందు ఆట, తర్వాత పాట. కానీ పిలుపు వచ్చినవాడు లెక్క వేయడు, లెక్క వేసేవాడికి అది పిలుపులా వినబడదు. అక్కడే తండ్రీ కొడుకులకు కుదరనిది. "ఆనంద్" (2004)తో కుర్రకారు మనసు దోచిన కథానాయకుడు రాజా తరవాత చిత్రసీమ వదిలి దైవసేవకు వెళ్లినప్పుడు మనలో చాలామంది "అయ్యో, మంచి చాన్సులు పోగొట్టుకున్నాడే" అనుకున్నాం. అది మన లెక్క.

పిలుపు సంగతి అంత సూటిగానూ ఉండదు. ఇంగ్లాండు ట్రిపుల్ జంపర్ జొనాథన్ ఎడ్వర్డ్స్ చూడండి. మతగురువు కొడుకు. 1991 ప్రపంచ పోటీల్లో ఆదివారం అని దూకలేదు. 1993లో మనసు మార్చుకుని ఆదివారాలు కూడా దూకాడు. 1995లో 18.29 మీటర్లు దూకాడు, ముప్ఫై ఏళ్లయినా ఆ రికార్డు అలాగే ఉంది. 2000 సిడ్నీలో బంగారు పతకం. తర్వాత బీబీసీలో చర్చి పాటల కార్యక్రమం "సాంగ్స్ ఆఫ్ ప్రెయిజ్" నడిపాడు. అంటే ఆట అయ్యాక పాట, మా తమ్ముడి తండ్రి చెప్పిన వరసే! తీరా 2007లో విశ్వాసమే పోయిందని చెప్పి ఆ కార్యక్రమం మానేశాడు. దేవుడు ఆడనే ఉంటడన్న మాట అందరి విషయంలో నిజం కాదన్నమాట.

అమెరికాలో బెన్ యూటెక్ట్ అనే ఫుట్‌బాల్ ఆటగాడున్నాడు. అక్కడి ఫుట్‌బాల్ అంటే గుద్దుకునే ఆట. ఇతని తండ్రి మెథడిస్టు పాస్టరు, అంటే మన వెస్లీ మిషన్‌కు చుట్టమే. 2007లో సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఆడాడు. తలకు దెబ్బ మీద దెబ్బ తగిలి ఆట ఆగిపోయింది. క్రైస్తవ గీతాల ఆల్బమ్ వేశాడు. ఆ దెబ్బల వల్ల జ్ఞాపకాలు జారిపోతున్నాయని తెలిశాక, భార్యాబిడ్డల కోసం ఒక పాట కట్టి పాడాడు, రేపు తాను మరిచిపోయినా వాళ్లు గుర్తుంచుకోవాలని. ఆ పాట విన్న రోజు నేను తండ్రి పక్షం నుంచి కొంచెం పక్కకు జరిగాను. ముందు ఆడి, తర్వాత పాడదామంటే పాడేందుకు మనిషి మిగలాలి కదా.

ఇక తమ్ముడి సంగతి. కీబోర్డు నేర్చాడు. సౌండు బాక్సులు, మైకులు అప్పు చేసి కొని అద్దెకిస్తాడు. పెళ్లికిస్తాడు, గణపతి మండపానికిస్తాడు, రాజకీయ సభకూ ఇస్తాడు. ఇల్లు గడిచేది దాని మీదే. పాటకు రేటు లేదు. లక్సెట్టిపేటలో కూటమంటే పోతాడు, జగిత్యాలలో కన్వెన్షన్ అంటే పోతాడు, చావింట్లో ఆదరణ కూటమంటే అర్ధరాత్రి లేచి పోతాడు. కానుక ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు. కొత్త పాటలకు సినిమా బాణీలు అంటుతున్నాయని పెద్దలు సణుగుతారు. పాత కీర్తనలు సాగదీస్తున్నాయని కుర్రాళ్లు సణుగుతారు. మధ్యలో వీడు!

2014లో ప్రో కబడ్డీ వచ్చింది. అంతవరకు మట్టిలో ఆడిన ఆట టీవీలో, రంగుల దీపాల కింద, మ్యాట్ మీద! మొదటి వేలంలోనే రాకేశ్ కుమార్‌కు 12 లక్షల 80 వేలు. 2023 వేలంలో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు పెట్టింది 2 కోట్ల 60 లక్షల 50 వేలు. మా క్వార్టర్లలో ఎవరింట్లో చూసినా అదే మాట: ఏడేళ్లు ఓపిక పడితే పోయేది కదా...

తండ్రి రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. టైటాన్స్ ఆట ఉంటే అన్నం కంచం పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడు. ఇంటి దగ్గర ఉంటే తమ్ముడూ పక్కన కూర్చుని బోనస్ గీత అంటే ఏంది, సూపర్ టాకిల్ అంటే ఏంది అని వివరిస్తాడు. ఒకరోజు నేనూ ఉన్నాను. ఎవరో రైడర్ పట్టుబడ్డాడు. ముసలాయన టీవీ వైపే చూస్తూ, "గీ పోరడు నీ అంత ఉరుకుతలేడు" అన్నాడు. కొడుకు ఏమీ అనలేదు. కంచంలో ఇంకొంచెం పప్పు వడ్డించాడు.

బయటికి వచ్చాక అడిగాను, బాధ లేదా అని.

"ఎందుకు లేదన్నా? మోకాళ్లు ఖరాబైనోళ్లకు ఆట ఇడిసిపెట్టుడు అల్కగుంటది. నాయి మంచిగున్నయి, అదే బాధ."

పాట మీద విసుగు ఎప్పుడైనా వచ్చిందా అంటే నవ్వాడు. విసుగు మైకుల మీద వస్తుందట, అద్దె ఎగ్గొట్టేవాళ్ల మీద వస్తుందట. పాట మీద ఇంకా రాలేదట.

ఇప్పుడు కొత్త ముచ్చట. తమ్ముడి బిడ్డకు పదేళ్లు. తాత నోటి వెంట కబడ్డీ విని విని గ్రౌండుకు పోయింది. కానీ కబడ్డీ కాదు, పరుగు. కాళ్లలో ఏముందో గాని మగపిల్లలను కూడా దాటిపోతోంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో సర్కారు స్పోర్ట్స్ స్కూళ్లున్నాయి, హకీంపేటలో పెద్దదుంది. అక్కడికి ఎంపికలకు పంపమని బడి పీఈటీ సారు ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. తాత అప్పుడే బూట్లు కొనుక్కొచ్చాడు. పిల్లేమో ఆదివారం చర్చిలో నాన్న కీబోర్డు పక్కన నిలబడి చిన్నపిల్లల పాటకు ముందు గొంతు తనే ఎత్తుతుంది.

మొన్న నాకు ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం మంచిర్యాలలో పిల్లల పరుగుపందేలు, పొద్దున తొమ్మిదిన్నరకు. ఆరాధన కూడా తొమ్మిదిన్నరకే.

"ఏం చేస్తవు?" అన్నాను.

"పిల్లనడిగిన అన్నా. బూట్లు ఏసుకుని చర్చికి రావొచ్చునా అని అడుగుతున్నది."